తల వంచుకున్న రోజులు

హోటల్లో పనివాళ్ళంతా చాటుగా ఆయన్ని సుడిగాలి అనేవాళ్ళు. ఎదురుగా మాత్రం అయ్యగారే. పొద్దున షట్టరు లేచినప్పటి నుంచి అది మళ్ళీ కిందికి దిగేదాకా ఆయన ఒకచోట నిలబడి ఉండగా చూసినవాళ్ళు లేరు. కౌంటర్లో ఉన్నాడనుకుంటే స్టోరు గదిలో తేలేవాడు. స్టోరు గదిలో ఉన్నాడనుకుంటే పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని సూపు రుచి చూస్తూ కనిపించేవాడు. రొట్టెలు వచ్చాయా, చేపల కింద మంచు కరిగిపోయిందా, చేతులు కడిగే చోట సబ్బు ఉందా, అన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి. ఎవరైనా ఏదైనా మర్చిపోతే ఆయనకు కోపం కంటే హుషారే ఎక్కువ వచ్చేది. "నేను చూడబట్టి సరిపోయింది!" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అనగలిగితే ఆ రోజు అంత బాగా గడిచినట్టు.

అలాంటి మనిషికి కుడికంట్లో ఒక మూల నుంచి చీకటి పడటం మొదలైంది. ముందు బల్బు పోయిందనుకుని బల్బు మార్పించాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నాడు. నల్లటి తెర ముక్కుదాకా జరిగాక గానీ భార్య చెవిన వేయలేదు. ఆవిడ అప్పటికప్పుడు కౌంటరు సర్వరుకు అప్పగించి, ఆయన్ని కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది.

కంటి వెనక పొర ఊడిందని చెప్పింది డాక్టరమ్మ. ఆపరేషన్ చేసి లోపల గాలిబుడగ పెడతామంది. బుడగ పైకి తేలి ఆ పొరను అతుక్కునేదాకా నొక్కి పట్టాలంటే మొహం నేలవైపు వంచే ఉండాలంది.

"ఎంతసేపండీ?" అన్నాడాయన.

"సేపు కాదు, రోజులు. తిన్నా, కూర్చున్నా, పడుకున్నా తల కిందికే. మీరు తల ఎత్తుకుని తిరిగారో, మేం చేసిందంతా వృథా."

"మరి హోటలో?"

"మీకు కన్ను కావాలా, హోటల్ కావాలా?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు. భోజనాల వేళవుతోంది. అది చూసి భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కబురు అందగానే భార్య చెల్లెలు సంచి సర్దుకుని వచ్చింది. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సుగా ఏళ్ళ తరబడి చేసి, నడుంనొప్పి భరించలేక మానేసిన మనిషి. ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం కుర్చీ లాక్కుని బావగారి ఎదురుగా కూర్చుంది.

"బావా, పొద్దున రాగానే మీరేం చేస్తారు?"

"ఏముంది, అన్నీ చూసుకుంటాను."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీ. ఇదేమన్నా కొత్తా నాకు?"

"నాకు కొత్త. షట్టరు తీశారు. తర్వాత?"

ఆయన చెప్పబోయి ఆగిపోయాడు. షట్టరు తీస్తాడు, లోపలికి వెళ్తాడు, ఆ తర్వాత... కళ్ళముందు గదులు మెదిలాయి గానీ నోటికి మాట రాలేదు. "నా కాళ్ళకు తెలుసు," అన్నాడు చివరికి విసుగ్గా.

"రేపట్నుంచి కాళ్ళు మంచం మీద ఉంటాయిగా," అంది మరదలు. ఇక ఆయన్ని అడగలేదు. కిందికి వెళ్ళి వంటమాస్టరు దగ్గర, కూరగాయలు తరిగే పిన్ని దగ్గర, సర్వరు దగ్గర, అక్క దగ్గర విడివిడిగా కూర్చుంది. పొద్దుటికల్లా మూడు కాగితాలు తయారయ్యాయి. హోటల్ తెరిచేముందు చూసుకోవాల్సినవి ఒకదాంట్లో, వడ్డన మొదలయ్యేముందు చూసుకోవాల్సినవి ఇంకోదాంట్లో, మూసేటప్పటివి మూడోదాంట్లో. వాటికి ప్లాస్టిక్ తొడుగులు వేసి, వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించింది.

"బాగుంది. నన్ను ముక్కలు చేసి గోడకు వేలాడదీశారన్నమాట," అన్నాడాయన ఆసుపత్రికి బయల్దేరుతూ.

"థియేటర్లో కత్తి పెట్టేముందు రోగి ఎవరు, ఏ పక్క చెయ్యాలి అని పైకి చదువుతాం బావా. అందరికీ తెలిసిందే. పెద్ద డాక్టరుకు మరీ బాగా తెలుసు. అయినా చదువుతాం. ఇవాళ మీకూ చదువుతారు, వినండి."

నిజంగానే చదివారు. బల్ల మీద పడుకుని ఉండగా "కుడికన్ను" అని ఎవరో అన్నారు, "కుడికన్ను" అని ఇంకెవరో బదులిచ్చారు. ఎందుకో ఆయనకు కాస్త ధైర్యం వచ్చింది. ఆ సంగతి మాత్రం మరదలికి చెప్పలేదు.

వాళ్ళ ఇల్లు హోటల్ పైనే. మంచం చివర మొహానికి సరిపడా ఖాళీ వదిలి దిళ్ళు పేర్చి, ఆయన్ని బోర్లా పడుకోబెట్టారు. కనిపించేదల్లా నేల మీది ఒక పలక, దాని అంచున చిన్న పగులు. కట్టులేని కన్నుతో ఆ పగులును ఎంతసేపని చూస్తాడు? మెడ పీకేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కాలి వేళ్ళు మాత్రం పరుపు మీద తాళం వేస్తూ ఉండేవి.

చెవులు మాత్రం కిందనే ఉన్నాయి. వెనక మెట్ల దారి గుండా వంటింటి చప్పుళ్ళన్నీ పైకి వచ్చేవి. పొద్దున షట్టరు మోత. ఆ తర్వాత మరదలి గొంతు.

"ఫ్రిజ్ తలుపు పూర్తిగా పడిందా?"

"పడింది," అనేవాడు మాస్టరు.

"నేల తడి తుడిచారా?"

"తుడిచాం."

"గ్యాసు వాసన ఇద్దరు చూశారా?"

"చూశాం."

బడిలో హాజరు పిలుస్తున్నట్టుంది అనుకుని ఆయన దిండులోకి నవ్వుకునేవాడు. ఒకరోజు మాస్టరు మరీ గబగబా "అయింది, అయింది" అంటుంటే, "వెళ్ళి చూసొచ్చి చెప్పండి మాస్టారూ, నేను ఆగుతాను," అంది మరదలు. అడుగుల చప్పుడు వెళ్ళింది, వచ్చింది. "నూనె డబ్బాకు మూత పెట్టలేదమ్మా. ఇప్పుడు పెట్టాను," అన్నాడు మాస్టరు, గొంతు తగ్గించి. పైన ఆయనకు ఒళ్ళు మండిపోయింది. తను ఉంటే ఒక్క కేక సరిపోయేది. ఇంత నిదానంగా నడిస్తే అది హోటలేనా?

ఒక పూట రొట్టెలు రాలేదు. బేకరీకి సెలవని ముందే తెలిసినా, ఎక్కువ తెప్పించి పెట్టుకోవాలని ఎవరికీ తట్టలేదు. కాగితంలోనూ లేదు. ఆ గొడవ చెవిన పడగానే ఆయనకు ప్రాణం లేచివచ్చింది. మధ్యాహ్నం చుక్కల మందు వేయడానికి మరదలు రాగానే అందుకున్నాడు.

"చూశావా? నేను ఉండుంటే ఇలా జరిగేదా?"

"జరిగేది కాదు బావా. అందుకే ఆ లైను ఇప్పుడే రాశాను. ఇంకేమైనా ఉంటే చెప్పండి, అవీ రాస్తాను."

వాదనకు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. దాంతో ఆ పూటంతా ఆయనకు ఇంకా చిరాగ్గా గడిచింది.

ఆ మర్నాడు పొద్దున కూడా షట్టరు లేచింది. చదవడం మొదలైంది. ఫ్రిజ్ అయింది, నేల అయింది. గ్యాసు దగ్గరికి వచ్చేసరికి మాస్టరు, "ఏం లేదమ్మా," అన్నాడు. ఆ తర్వాత పిన్ని ఏదో అంది. ఏమందో పైకి వినబడలేదు. కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో పరుగెత్తారు. వెనక తలుపు గొళ్ళెం ఊడింది. ఆ తర్వాత ఇక ఏమీ లేదు.

ఆయన చెవులు రిక్కించాడు. ఈపాటికి పొగను బయటికి లాగే ఫ్యాను గుర్రుమనాలి, గిన్నెలు గలగలలాడాలి, పిన్ని కత్తి చెక్క మీద టకటకా ఆడాలి. ఒక్క చప్పుడూ లేదు. తను ఆ హోటల్ పెట్టినప్పటి నుంచీ పని మధ్యలో వంటిల్లు అలా మూగబోవడం ఎరగడు.

"ఏమే!" అని భార్యను కేకేశాడు. పలుకు లేదు. చెయ్యి చాచి, తడుముకుని ఫోను అందుకుని కౌంటరుకు చేశాడు. కింద ఫోను మోగుతోంది. తనకే వినబడుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారీ ఎవరూ ఎత్తలేదు.

ఎవరికేమైంది? మాస్టరు పడిపోయాడా? ఆవిడకేమైనా అయిందా? డాక్టరమ్మ మాట గుర్తుంది, కన్నూ గుర్తుంది. అయినా మోచేతుల మీద లేచాడు, మంచం దిగాడు, గోడ పట్టుకుని తలుపువైపు రెండడుగులు వేశాడు. తల ఎత్తబోయేంతలో ఒక చెయ్యి వచ్చి ఆయన మెడ వెనక గట్టిగా పడింది.

"ఎత్తకండి బావా! అలాగే వంచి ఉంచండి. నా భుజం పట్టుకోండి," అంది మరదలు రొప్పుతూ. "ముందువైపు మెట్ల మీంచి దిగుదాం."

"ఏమైంది? మీ అక్కేది?"

"బయటే ఉంది, బాగానే ఉంది. గ్యాసు లీకైంది. ఇంకా పొయ్యి వెలిగించలేదు, భయం లేదు. మెట్టు, ఇంకో మెట్టు."

"ఫోను ఎత్తరేం ఎవరూ?"

"లోపల ఫోనూ, స్విచ్చీ ముట్టుకోకూడదని రాసుకున్నాంగా. ఎవరూ ముట్టుకోలేదు."

ఫుట్‌పాత్ మీదికి వచ్చాక ఆయనకు కనిపించినవి కాళ్ళు మాత్రమే. మడమ అరిగిన మాస్టరు చెప్పులు, సర్వరు బూట్లు, పిన్ని నీలం రబ్బరు చెప్పులు. వాటిలో ఒక దాని పట్టీకి దారం చుట్టి ఉంది. భార్య కాళ్ళ కోసం వెతుక్కున్నాడు. దొరికాయి. ఆవిడ ఒక్కొక్కరినే పిలుస్తోంది.

"మాస్టరు."

"ఉన్నానమ్మా."

"పిన్ని."

"ఇక్కడే."

"సర్వరు."

"ఉన్నా."

కాస్త ఆగి, "మా ఆయన," అంది.

ఆయన ఇంకా కాళ్ళు లెక్కపెడుతున్నాడు. మరదలు మోచేత్తో పొడిచింది.

"ఉన్నాను," అన్నాడు నేలవైపు చూస్తూ.

మెకానిక్ వచ్చి చూశాడు. సిలిండరు నుంచి పొయ్యికి వెళ్ళే గొట్టం మడత దగ్గర చీలిపోయింది. సిలిండరు అప్పటికే కట్టేశారు, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. అతను గొట్టం మార్చి, సబ్బునీళ్ళు పోసి పరీక్ష చేసి వెళ్ళాడు. సంగతేమిటంటే, మాస్టరుకు రెండు రోజులుగా పడిశం. తలుపులు మూసి ఉన్న వంటింట్లో నిలబడి కూడా అతనికి వాసన తెలియలేదు. పిన్నికి తెలిసింది.

"నేనొక్కణ్ణే అయితే వెలిగించేసేవాణ్ణి అయ్యా," అన్నాడు మాస్టరు, ఆయన పక్కన మెట్టు మీద చతికిలబడి. ఆయన చెయ్యి చాచి మాస్టరు చెయ్యి పట్టుకున్నాడు.

ఆ రోజు భోజనాలు ఆలస్యంగా మొదలయ్యాయి, అంతే. సాయంత్రం భార్య పైకి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆయన మొహం కనబడాలంటే అలా కూర్చోవాల్సిందే.

"నన్ను దింపడానికి మీ చెల్లెల్ని ఎవరు పంపారు?" అన్నాడు.

"పంపేదేముంది? కాగితంలో ఉంది. గ్యాసు వాసన వస్తే ఒకరు సిలిండరు కట్టెయ్యాలి, ఒకరు తలుపులు తియ్యాలి, ఒకరు పైకెళ్ళి మిమ్మల్ని తల వంచి దింపాలి. ఆ లైను నేను చెప్పి రాయించాను."

"నువ్వా?"

"మీ సంగతి నాకు తెలీదా? ఏ చిన్న తేడా వినబడినా పరుగెత్తుకొస్తారు. కన్ను పోయినా సరే వస్తారు. అందుకని ముందే రాయించాను."

నేల మీది పలక మసకబారింది. కట్టు తడుస్తుందేమోనని భయపడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఒక్కరూ నన్ను అడగలేదు. ఏం చెయ్యమంటారని ఒక్కరూ..."

"అడగడానికి పైకి వచ్చి ఉంటే అంతసేపూ లోపల గ్యాసు నిండేదిగా," అంది ఆవిడ మెల్లగా. తర్వాత ఆయన మెడ నొక్కుతూ కూర్చుంది.

రోజులు గడిచాక బుడగ కరిగిపోయింది. పొర అతుక్కుంది. చూపు వచ్చింది గానీ మునుపటిలా రాలేదు. తిన్నని గీతలు మధ్యలో కాస్త వంగినట్టు కనిపించేవి. అదృష్టవంతులు అంది డాక్టరమ్మ. మరదలు తన ఇంటికి వెళ్ళిపోయింది. గోడ మీది కాగితాలు మాత్రం నూనె మరకలతో, కొట్టివేతలతో, పిన్ని కోడిగీతలతో నిండిపోయి అక్కడే ఉన్నాయి.

ఆయన కిందికి దిగిన మొదటి రోజు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఎక్కడికి వెళ్ళినా అక్కడి పని అప్పటికే అయిపోయి ఉండేది. "మాస్టారూ, ఆ చేపలు..." అని మొదలుపెట్టబోతే, కాగితం చదువుకుంటున్న మాస్టరు వెనక్కి తిరక్కుండానే వేలెత్తి ఆగమన్నాడు. లైను పూర్తిచేసి, అప్పుడు తిరిగి, "చెప్పండయ్యా," అన్నాడు. అప్పటికి ఏం చెప్పాలనుకున్నాడో ఆయనే మర్చిపోయాడు.

భార్య చూసి జాలిపడింది. "డాక్టరమ్మ నడవమందిగా. కాసేపు బయట తిరిగి రండి."

"భోజనాల వేళా?"

"భోజనాల వేళే."

ఆయన రోడ్డు దాటి అవతల సైకిల్ షాపు ముందు నిలబడి వెనక్కి చూశాడు. ఆ వేళప్పుడు తన హోటల్‌ని బయటి నుంచి చూడటం ఆయనకు అదే మొదలు. కిటికీ పక్క టేబుళ్ళన్నీ నిండి ఉన్నాయి. ఒకావిడ రొట్టె తుంపుతూ పకపకా నవ్వుతోంది. సర్వరు మూడు పళ్ళేలు పట్టుకుని పక్కకు తిరిగి నడుస్తున్నాడు. పైన బోర్డు నడుమ కాస్త వంగినట్టుంది. అది కంటి పనే. మరి చివర్లో ఒక అక్షరం ఉండాల్సిన చోట ఏమీ లేదే?

"బాబూ, ఆ బోర్డులో అక్షరం ఊడిందా, నా కన్నే అలా ఉందా?" అని షాపతన్ని అడిగాడు.

"ఊడి చాలా కాలమైంది సార్," అన్నాడు అతను చక్రం తిప్పుతూ. "మీకు తెలుసనుకున్నాను."

ఆయన కాలు రోడ్డు మీద పడింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇప్పుడు చెబితే వినే తీరిక ఎవరికి? చేతులు వెనక్కి కట్టుకుని వీధి మలుపుదాకా నడిచాడు. మలుపులో పూల మొక్కలు అమ్మే బండి ఉంది. అంతకుముందు ఎన్నడూ చూడలేదు. దాని దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఇక నిలబడలేక గబగబా వెనక్కి వచ్చేశాడు.

"అప్పుడే వచ్చేశారేం?" అంది భార్య.

"బోర్డులో అక్షరం ఊడింది."

"అవునా? సరే, సాయంత్రం చూద్దాం. ముందు కూర్చుని తినండి."

మూల టేబుల్ దగ్గర ఆయన కోసం పళ్ళెం పెట్టించింది. తన హోటల్లో తను కూర్చుని తినడం ఆయనకు వింతగా ఉంది. సూపు తాగాడు, ఉప్పు సరిపోయింది. ఇంకా ఏదో చూడాల్సింది ఉన్నట్టు కళ్ళు వంటింటి తలుపువైపు వెళ్తూనే ఉన్నాయి, టేబుల్ కింద మోకాలు ఊగుతూనే ఉంది. అయినా లేవలేదు. రొట్టె ముక్క తుంచుకుని, ఇంకాస్త సూపు పొయ్యమని సర్వరును పిలిచాడు.