పూజ మీది, ఇంజన్ నాది

నేను అబద్ధాలకోరును కాను. కావాలంటే నంద్యాల నూనెపల్లెలో నా షెడ్డుకు బండి ఇచ్చిన ఎవరినైనా అడగండి. బ్రేకు అరిగితే అరిగిందంటాను, అరగకపోతే ఇంకో ఆర్నెల్లు తోలుకోపొమ్మంటాను. ఇన్నేళ్ళ బతుకులో చెప్పుకోదగ్గ అబద్ధం ఒక్కటే ఆడాను. నేను, అంటే మద్దయ్య అనే మనిషి, చేసిన పనులన్నీ ఒక తట్టలో వేసి ఆ ఒక్కటీ ఇంకో తట్టలో వేస్తే ఏది బరువో నాకు తెలుసు.

నాకు పని నేర్పింది జీవరత్నం మేస్త్రీ. మా వైపు మెకానిక్కును మేస్త్రీ అంటారు. సన్నగా, పొడుగ్గా, నోట్లో ఆరిపోయిన బీడీతో ఉండేవాడు. కోపం ఎక్కువ. పానా జారిస్తే ఆ పానాతోనే వీపు మీద ఒకటిచ్చేవాడు. ఆయనకు ఒకే పిచ్చి, ఎనిమిది సిలిండర్ల పాత ఇంజన్లు.

పిచ్చి అని ఎందుకంటున్నానంటే, 1994 నాటికి మా చుట్టుపక్కల అలాంటి ఇంజన్ ఒక్కటే మిగిలింది. మిగతా పాత కార్లన్నిటికీ జనం పెట్రోలు ఇంజన్లు పెరికించి పాత ఇనుముకు వేసి, డీజిల్ ఇంజన్లు కూర్చోబెట్టించుకున్నారు. పెట్రోలు తాగే ఏనుగును ఎవరు మేపుతారు? నా చేతులతో నేనే ఆరేడు మార్చాను. అలాంటి బండి షెడ్డులోకి వస్తే మేస్త్రీ, "నువ్వు చేసుకో పో, నా కండ్ల ముందర వద్దు," అని టీ అంగడికి పోయేవాడు.

మిగిలిన ఆ ఒక్కటీ ఆళ్ళగడ్డలో చెన్నకేశవులు గారిది. 1948 నాటి ఫోర్డు. వాళ్ళ నాయన మద్రాసు నుంచి తెచ్చుకున్న కారు. పదేళ్ళు కదలకుండా ఉన్నదాన్ని ట్రాక్టరుకు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు. వెంట ఆయన కొడుకు సందీప్ వచ్చాడు. అనంతపురంలో ఇంజనీరింగు చదివి అప్పుడే ఇంటికొచ్చిన పిల్లవాడు. బ్లాకు చూసి, "పగిలిపోయిండాది నాయనా. డీజిల్ ఇంజన్ ఏపిచ్చుకుందాం," అన్నాడు.

ఇంజన్ బ్లాకంటే తెలియని వాళ్ళకు చెబుతాను. రెండు అరచేతులు మణికట్టు దగ్గర ఆనించి విప్పి పట్టుకోండి. కుడిచేతి వరసలో నాలుగు సిలిండర్లు, ఎడమచేతి వరసలో నాలుగు. అంతా ఒకే పోత ఇనుప దిమ్మ. దాని కుడి వరసలో జానెడు పగులుంది. పోత ఇనుముకు వెల్డింగ్ పెడితే ఆ వేడికి పక్కన ఇంకోటి పగులుతుంది. అందుకే అందరూ పారేసేవాళ్ళు.

మేస్త్రీ ఆ పగులు మీద బొటనవేలితో రాసి, "నేను కుడతా," అన్నాడు.

చెన్నకేశవులు గారు కొడుకు వైపూ మేస్త్రీ వైపూ చూశాడు. "సరేప్పా. ఆయుధపూజ నాటికి దాని ఇంజన్ తోనే అది ఆళ్ళగడ్డకొచ్చి నా వాకిట్లో నిలబడల్ల. నిలబడితే మా నాయన బండి మా నాయన బండి మాదిరే ఉంటాది. లేదంటే సందీప్ చెప్పినట్లే డీజిల్," అన్నాడు. ఏ ఏడు ఆయుధపూజో ఆయన చెప్పలేదు. మేస్త్రీకి రెండేళ్ళు పట్టింది.

పగులు పొడుగునా చిన్న చిన్న రంధ్రాలు వేసి, ఒక్కోదానికి మర తీసి, ఒక్కో ఇనుప మేకు బిగించి, మెడ తెంచి, సుత్తితో మెల్లగా కొట్టి, ఆకురాయితో నున్నగా రాసేవాడు. ఒక మేకు అంచును ఇంకో మేకు కరుచుకోవాలి. వేడి తగలకుండా చేసే కుట్టుపని. పదిహేడు మేకులు. చేతులు వణికే వయసులో చేశాడు. వణుకు వస్తే పనిముట్టు కింద పెట్టి, వణుకు పోయేదాకా కూర్చుని, మళ్ళీ పట్టుకునేవాడు. అన్ని నెలలూ నేను ఆయన పక్కన ఉన్నాను. అట్లాంటి పనిని నేను మళ్ళీ చూడలేదు, చూడను కూడా.

ఇంజన్ మొదటిసారి పలికిన రోజు మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బ్లాకుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఒక్కో సిలిండరే విన్నాడు. కుడి నాలుగు, ఎడమ నాలుగు. తర్వాత లేచి, "ఎనిమిదీ మాట్లాడతాండాయి రా మద్దిగా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన భార్య హన్నమ్మ మజ్జిగ తెచ్చి, మొగుడి ముఖం చూసి, చెంబు చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

ఆ ఏడాది, అంటే 1996లో, ఆయుధపూజ నాడు కారును ఆళ్ళగడ్డకు తోలుకుపోవాలి. మేస్త్రీ రానన్నాడు. క్రైస్తవుడు. మొక్కని చోట నిలబడడం మర్యాద కాదని ఆయన లెక్క.

"పూజ మీది, ఇంజన్ నాది," అన్నాడు. "నలభై కిలోమీటర్లు ఉరికి పోతాది, సలసల కాగుతా ఉంటాది. ఆపినాక గంటన్నర పక్కనుంచి కదలొద్దు. ఇంజన్ మింద రేకు ఎత్తనీయొద్దు. ఒక్క చెంబుడు నీళ్ళు పడనీయొద్దు. ఉడుకు దిమ్మ మింద సన్నీళ్ళు పడితే లాంతరు గలాసు చీలినట్లు చీలతాది. నీకు నేను చెప్పిన పని ఇదొక్కటే. ఇనపడిందా?"

వినపడింది. నాకు చెవుడు లేదు.

శిరివెళ్ళ దాటేసరికే వేడి ముల్లు పైకెక్కింది. అయినా బండి ఒక్క దగ్గు దగ్గలేదు. ఆళ్ళగడ్డ వీధుల్లో ఆ ఎనిమిది సిలిండర్ల మోతకు జనం అంగళ్ళలోంచి బయటికొచ్చి చూశారు. స్టీరింగు వెనక నేను. బండి బాగుచేసింది నేనే అనుకున్నారు, నేనూ కాదనలేదు. ఇప్పుడు తలుచుకుంటే అప్పుడే మొదలైనట్టుంది నా జబ్బు.

చెన్నకేశవులు గారి వాకిట్లో రెండు ట్రాక్టర్లు, జీపు, మందు కొట్టే మిషన్లు, బోరు మోటారు, కొడవళ్ళు, అన్నీ కడిగి బొట్లు పెట్టి వరసగా పెట్టారు. మా దిక్కు ఆయుధపూజకు యంత్రాలకు తానం చేయిస్తారు. పసుపు కలిపిన నీళ్ళు, ఐదు బిందెలు, ఇంటి ఇల్లాలి చేత్తో. రాత్రి నుంచీ నిలబడి ఉన్న ట్రాక్టరు మీద పోస్తే ఏమీ కాదు. మాది అప్పుడే వచ్చి ఆగింది. రేకు మీద చెయ్యి పెడితే కాలుతోంది.

చెన్నకేశవులు గారి భార్య కమలాక్షమ్మ నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చింది. అంచు తువ్వాలు నా తలకు చుట్టించింది. చేతిలో టెంకాయ పెట్టింది. "పన్నెండేండ్లాయె, ఈ బండి సద్దు ఇని. మా మామ ఇంటికొచ్చినట్లుండాది. టెంకాయ నువ్వే కొట్టల్ల మద్దయ్యప్పా," అంది.

నా జన్మలో ఎవరూ నాకు తువ్వాలు చుట్టలేదు. అట్లాంటి వాకిట్లో నన్ను మధ్యలో నిలబెట్టలేదు.

సందీప్ రేకు ఎత్తాడు. కమలాక్షమ్మ మొదటి బిందె ఎత్తుకుంది. "అమ్మా, కొంచెం తాళండి," అనే మాట నా నాలుక మీదే ఉంది. ఒట్టు, ఉంది. శుభమా అని పూజ మొదలుపెడుతుంటే వద్దు అనే మాట ఎట్లా అనాలి? అనాలి. అనాల్సింది. ఆమె మంచి మనిషి, ఒక్క మాట చెబితే బిందె దించి గంటన్నరేం, పొద్దు గూకేదాకా ఆగేది. నాకే తువ్వాలు నెత్తి మీదకెక్కింది.

ఐదు బిందెలూ పోసింది. పొగలాగా ఆవిరి లేచింది. పిల్లలు కేకలు పెట్టారు. మూడో బిందెకు లోపల ఎక్కడో టప్పుమంది. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. నేను టెంకాయ కొట్టాను. రెండు చిప్పలుగా చక్కగా పగిలిందని అందరూ సంతోషపడ్డారు.

భోజనాలయ్యాక చెన్నకేశవులు గారు కారులో కూర్చుని, ఊరి చుట్టూ తిప్పమన్నాడు. స్టార్టు చేశాను. తెల్లపొగ. రెండు నిమిషాలు తడబడి ఆగిపోయింది. సందీప్ ఆయిలు చూసే కడ్డీ పెరికి వాళ్ళ నాయనకు చూపించాడు. ఆయిలు నీళ్ళు కలిసి చిక్కటి పాల మాదిరి ఉంది.

"చెప్పినా కదా నాయనా. పాత అతుకు యాడ నిలుస్తాది?"

చెన్నకేశవులు గారు కారు దిగి, తలుపు మెల్లగా వేసి, లోపలికి పోయాడు. కమలాక్షమ్మ, దిష్టి తగిలిందని కళ్ళు తుడుచుకుంది. నేను తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాను. చివరికి తువ్వాలు విప్పి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

మేస్త్రీ షెడ్డు వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. నేను ఒక్కణ్ణే, నడుచుకుంటూ రావడం చూసి లేచాడు.

"ఏమాయ?"

"బ్లాకు చీలింది మేస్త్రీ."

"నీళ్ళు పోసినారా?"

సూటిగా అడిగాడు. దారంతా అవును అని చెప్పాలనే అనుకుంటూ వచ్చాను. ఆయన ముఖం చూశాక, చెప్పిన ఒక్క పనీ చేయలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"లేదు మేస్త్రీ. ఎవరూ ముట్టలేదు. ఆపినాక దానంతట అదే టప్పుమనింది. మన కుట్టే ఇడిసినట్లుండాది."

'మన' అన్నాను. నాది అందులో ఏముంది?

ఆయన తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు షెడ్డుకు రాలేదు. మూడోరోజు కబురంపి, షెడ్డు నన్నే చూసుకోమన్నాడు. ఆ నెలలోనే కారులో డీజిల్ ఇంజన్ కూర్చుంది. జీవరత్నం మేస్త్రీ మళ్ళీ పానా ముట్టలేదు.

నేను ప్రతి ఆదివారం వాళ్ళింటికి పోయేవాణ్ణి. ఆయన వాకిట్లో మంచమేసుకుని ఉండేవాడు. కొంతసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, "మద్దిగా, ఆ పొద్దు ఏం జరిగినాదో ఇంగొకసారి చెప్పు," అనేవాడు. బాధ మరిచిపోలేక అడుగుతున్నాడనుకున్నాను. చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా అబద్ధం నున్నబడింది. గాలి కూడా చల్లగా ఉండిందనీ, నీడలోనే ఆపాననీ కలిపాను. ఆయన చివరిదాకా విని, "ఊ" అనేవాడు. ఎనిమిదేళ్ళు అట్లా గడిచాయి. 2004లో నంద్యాల ఆసుపత్రిలో ఊపిరి అందక పడుకున్నప్పుడు కూడా అదే అడిగాడు. నేనూ అదే చెప్పాను. రెండు రోజులకు పోయాడు.

తర్వాతి ఏడాది సందీప్ ఫోన్ చేశాడు. హైదరాబాదులో ఎవరో పాత కార్లు కొనే ఆయన, పాత ఇంజన్ ఉంటే దాంతో సహా అడుగుతున్నాడట. "గొడ్ల కొట్టంలో పడుండాది. పనికొస్తాదేమో చూడప్పా," అన్నాడు.

తొమ్మిదేళ్ళ పేడ, దుమ్ము. కిరసనాయిలు పోసి కడిగాను. ముందు కుడి వరస కడిగాను. మేస్త్రీ కుట్టు బయటపడింది. వేలు పెట్టి లెక్కపెట్టాను. పదిహేడు మేకులూ వేసినవి వేసినట్టే ఉన్నాయి, గోరు కూడా దూరలేదు. పగిలింది ఎడమ వరసలో. వేరే చోట, కొత్తగా. ఆ చీలిక పొడుగునా పసుపు మాడి గట్టిపడి ఉంది.

అది ఫోర్డు వాళ్ళు పోత పోసిన నాటి ఇనుము. మేస్త్రీ చెయ్యి దానికి తగలనే లేదు. నేను పేడలోనే కూలబడ్డాను.

కమలాక్షమ్మ మజ్జిగ పంపకుండా తనే తెచ్చింది. ముసలిదైంది. బ్లాకు చూసి, "ఇంజన్ పోతే పోయిండాది గానీ, ఆ పొద్దు పూజ మాత్రం ఎంత బాగా జరిగినాదప్పా!" అంది. అవునమ్మా అన్నాను. ఇంకేమంటాను?

ఆళ్ళగడ్డ నుంచి నేరుగా హన్నమ్మ ఇంటికి పోయాను. చచ్చిన మనిషికి చెప్పలేను, కనీసం ఆమెకైనా చెప్పాలి. ఆమె టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. తువ్వాలు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే చెప్పు తీసుకుంటుందనుకున్నాను.

"ఆయనకు తెలుసు," అంది హన్నమ్మ.

ఏం తెలుసు అన్నాను.

"నువ్వొచ్చి చెప్పిన నెలకు బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయొచ్చినాడు. ఎవురికీ చెప్పల్యా. కొట్టంలో దిమ్మను తడిమి చూసుకున్నాడంట. తన కుట్టు తనకు తెలీదా? పసుపు గూడా చూసినాడు."

"మరి మళ్ళీ పనికి ఎందుకు రాలేదమ్మా?"

"ఎవురితో చేస్తాడు నాయనా పని? నీ పక్కన కూసోనే కదా చేయల్ల." ఆమె గొంతులో కోపం లేదు. "నేనే అడుగుతానంటే ఒద్దన్నాడు. వాడే చెప్తాడు, వాని నోటితోనే రానీ అన్నాడు. అందుకే ఆదివారం ఆదివారం అడిగేది. నువ్వు పోయినాక ఈ పొద్దు గూడా చెప్పల్యా హన్నమ్మా అనేటోడు."

వాకిట్లో ఆయన మంచం గోడకు ఆనించి ఉంది. నేను దానివైపు చూడలేకపోయాను.

"ఆసుపత్రిలో నన్ను బయటికి పంపిచ్చి నీతో మాట్లాడినాడే," అంది హన్నమ్మ. "ఏం చెప్పినావప్పుడు?"

"గాలి చల్లగా ఉండిందని చెప్పినా," అన్నాను.

 ఆమె లేచి, నేనింకా ముట్టని టీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.