భజన చాటున

దేవుని నామం బిగ్గరగా పలికితే పాపం కరుగుతుందా, లేక దాని చప్పుడు మాత్రం మన చెవిన పడకుండా పోతుందా? ఈ సందేహం నన్ను ఏండ్ల తరబడి వదలలేదు. చదివినవారే తేల్చాలి.

1987లో ఒక ఆదివారం. దబీర్‌పురాలోని ఆ గల్లీలో టీవీ ఉన్నది బాలనర్సింహ ఇంట్లోనే. కంచన్‌బాగ్‌లో ఫిట్టరు పని. రోజూ సాయంత్రం భజన కానిదే అన్నం ముట్టడు. ఆ రోజు గల్లీ అంతా అక్కడే చేరింది. పక్కింటి కళావతి చావు మీద ఎవరో గల్లీకి వచ్చి తీసిన డాక్యుమెంటరీ వస్తున్నది. తొమ్మిదేండ్ల కింద ఆమె మెట్ల మీద జారిపడి చనిపోయిందని కోర్టు నమ్మింది. భర్త రామ్‌చందర్ విడుదలయ్యాడు, తర్వాత అతడూ పోయాడు.

"నా మేక గిట్ట కనబడ్తదా అన్నా?" అన్నాడు గల్లీలో మేకను పెంచే సోమయ్య.

"నీకంటె అదే నయం, మొఖం కడుక్కుంటది," అంది బాలనర్సింహ భార్య కృష్ణమ్మ. అందరూ నవ్వారు.

ఇందులో పిల్లలు చూడరానివి ఉన్నాయని టీవీలో చెప్పారు. బాలనర్సింహ లేచాడు. "పోరగాండ్లు బయటికి పోండ్రి. గిసొంటివి సూడొద్దు." తలుపు గడియ పెట్టాడు.

తెర మీద కళావతి కూతురు పుష్పమ్మ కనబడింది. ఇప్పుడు పదిహేడేండ్లు.

"మా బాపు అమ్మ తలను గోడకేసి కొట్టిండు. నేను ఉరికిపోయి పక్కింటి తలుపు కొట్టిన. లోపల భజన అయితున్నది. తియ్యలే. పోలీసులు అడిగితె ఏం వినలేదన్నరు. మా మేనత్త ఇప్పటికి నన్ను అబద్ధాలకోరు అంటది. తండ్రి మీద నింద ఏసిన్నట."

ఎదురింటి ముసలామె మహబూబ్ బీ మెల్లగా అడిగింది. "భాయ్, పిల్లలను ఎందుకు ఎల్లగొట్టినవ్? గోడ అవతల అస్లీ కొట్టుడు అయితుంటె ఆనాడు గుడ పిల్లలు ఈడనే ఉండిరి గద."

"ఊకో మహబూబ్ బీ," అంది కృష్ణమ్మ. "ఆయన భజనల ఉండె. వినలే."

"విన్న," అన్నాడు బాలనర్సింహ. "తలుపు కొట్టుడు గుడ విన్న. తాళాలు ఇంక జోరుగ వాయించిన."

మహబూబ్ బీ తల దించుకుంది. "నేను గుడ విన్న భాయ్. మియాబీవీ లొల్లి, మొగుడుపెండ్లాల సంగతి అని తస్బీ పూసలు తిప్పుకుంట కూసున్న. ఇంట్ల జరిగె జులుం ఆ ఇంటోళ్లదే గాదు, వినెటోళ్లందరిది. అల్లా నోరు ఇచ్చింది తన పేరు పలుకనీకె ఒక్కటే గాదు, అడ్డం పోయి వద్దననీకె."

బాలనర్సింహ చెప్పులేసుకొని బయలుదేరాడు. పుష్పమ్మ ధూల్‌పేట్‌లో మేనత్త ఇంట్లో ఉంటున్నది. గడపలో నిలబడి బియ్యం చెరుగుతున్న పుష్పమ్మ అతన్ని గుర్తుపట్టింది, కూర్చోమనలేదు.

"బిడ్డా, నువ్వు తలుపు కొట్టినవ్. నేను విన్న. నువ్వు చెప్పింది నిజం."

ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. పుష్పమ్మ చేట కింద పెట్టి ఇంట్లోకి తిరిగి కేక వేసింది. "అత్తా, గిటు రా."

మేనత్త వచ్చి నిలబడింది.

"ఇప్పుడు మల్ల చెప్పుండ్రి."

అతను ఆమె ముందు మళ్లీ అదే చెప్పాడు. కళావతి ప్రాణానికి ఏ మాటా సరిపోదు. ఎనిమిదేండ్ల పిల్లకు ఆనాడు పడ్డ సాక్ష్యం బాకీ మాత్రం ఆ గడపలో తీరింది.