తట్టి చూసిన బండ

తన మీద జాలితోనేనా, సర్కారు కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టింది? తాండూరు నెట్ సెంటర్‌లో బిడ్డ పక్కన కూర్చున్న మొగులప్ప మనసు అక్కడే తిరుగుతోంది. ఇంత మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల అద్దాల మేడల కాలేజీలో చదువుతుందని తను పనిచేసే నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో అందరికీ చెప్పుకున్నాడు. ఆప్షన్లు ఖాయం చేసే ఓటీపీ అతని ఫోన్‌కే వచ్చింది. ఆ అంకెలు బిడ్డకు ఇంకా చెప్పలేదు.

"నా కోసం తగ్గుతున్నవా, రెబెక్కా?"

"ఎందుకు తగ్గుత నాయినా? రెండు కాలేజీలూ పోయి చూసొచ్చిన. అద్దాల దాంట్ల ఫీజు మస్తు, ల్యాబులకేమో తాళాలు. సర్కారు దాంట్ల పిల్లలు మిషిన్లు విప్పుకుంట కూసున్నరు. పాలిష్ జూసి మోసపోవద్దు, బండను తట్టి సప్పుడు వినాలె అని నువ్వే అంటవ్ గద!"

రాళ్ల గురించి తను అన్న మాటను ఈ పిల్ల ఎంత దూరం తీసుకెళ్లింది! రేపు యూనిట్‌లో ఏం చెప్పుకోవాలో అతనికి తెలిసిపోయింది.

మొగులప్ప కళ్లజోడు సవరించుకుని, ఓటీపీ అంకెలు ఒక్కొక్కటిగా పైకి చదివాడు.