కాదని నొక్కిన గది

పట్టపగలు, బజారు నడిబొడ్డున, లక్ష్మణుణ్ణి సెప్టిక్ ట్యాంకులోంచి తాడుతో బయటికి లాగారు. అప్పటికే ప్రాణం పోయింది. దిగమన్నది కాంట్రాక్టరు భీమారావు. కళ్లారా చూడనివాళ్లు లేరు, అయినా పోలీసులు గుండెపోటని రాసి చేతులు దులుపుకున్నారు.

దినవారాలు ముగిశాక లక్ష్మణుడి కూతురు లిప్సా మళ్లీ పనికెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది? ఆ పనీ భీమారావు మేడ మీదే. అక్కడ ఆడపిల్లలు కంప్యూటరుకు చదువు నేర్పుతారు. అది ఇంటర్నెట్టంతా గాలించి వాక్యాలు ఏరుకొస్తుంది, వీళ్లు అవుననో కాదనో నొక్కాలి. ఒకే వాక్యం గదిలో అందరికీ వస్తుంది. ఎక్కువమంది నొక్కిందే నిజం. మిగతావాళ్లది తప్పు. తప్పులు పెరిగితే ఐడీ దానంతటదే మూసుకుపోతుంది.

ఆ రోజు తెర మీద ఇలా వచ్చింది: ‘ఈ పట్టణంలో ట్యాంకులను యంత్రాలే శుభ్రం చేస్తాయి. మనుషులు దిగరు.’

లిప్సా కాదని నొక్కింది. వేరే పేజీల నుంచి అదే మాట మళ్లీ మళ్లీ వచ్చింది. ప్రతిసారీ కాదంది. తక్కినవాళ్లు అలవాటు కొద్దీ అవునన్నారు. మధ్యాహ్నానికి ఆమె ఐడీ పోయింది.

భీమారావు ఊగిపోతూ వచ్చాడు. “ఏటమ్మీ, నెట్టులో ఉన్నదే నొక్కాలని తెల్దా?”

“మా అయ్య సచ్చింది బజార్లో బాబూ, నెట్టులో కాదు.”

“రేపు కొత్త ఐడీ ఇత్తాను. నోర్మూసుకుని అవునని నొక్కు. నేదంటే ఇంటికాడుండు.”

సాయంత్రం మునిసిపల్ కాలనీ కుళాయి దగ్గర గదిలోని పిల్లలు, మురుగు కాలవ పని చేసే వాళ్ల ఇళ్లవాళ్లు అంతా గుమిగూడారు.

“రేపెవులడిగినా మనుషులు దిగరనే సెప్తాది ఆ కంప్యూటరు,” అంది లిప్సా. “దిగనోడు సావడు కదా? ఇంక కేసేటి, నాయమేటి?”

“నీ బాద తెల్దేటి?” పక్క సీటు సస్మిత కసురుకుంది. “ఐడీ పోతే మా ఇంట్లో పొయ్యెలగదు.”

లిప్సా తల్లి బుల్లమ్మ లేచింది. ఆమెదీ కాలవ పనే. “ఆడ్ని దించిన తాడు నానూ అట్టుకున్నానమ్మా. దించం అని అందరం ఒక్క మాటంటే లిప్సా అయ్య బతికుండును.”



“ఒకత్తి కాదంటే ఐడీ పోద్ది,” సస్మిత నెమ్మదిగా అంది. “అందరం కాదంటే అదే నిజమైపోద్ది గదా!”

మర్నాడు అదే వాక్యం వస్తే గదంతా కాదంది. భీమారావు ఒక పిల్లను లేపేసి, తానే కూర్చుని అవునని నొక్కాడు. తెర ఆయనదే తప్పంది. మండిపోయి కరెంటు తీయించాడు. పిల్లలు కుర్చీలు వదల్లేదు. కింద వీధిలో కాలవ పనివాళ్లు తాళ్లు పారేసి, ఇంకెవరం దిగం అని అరిచారు. పోలీసులొచ్చి లిప్సాను జీపెక్కించారు. ఆమెకు భయమేసింది.

పొద్దు వాలే వేళకు సస్మిత ఠాణా కిటికీ దగ్గరికి రొప్పుతూ వచ్చింది. “భీమారావు మన పని కొరాపుట్‌లో ఉన్న ఆడి ఇంకో గదికి పంపేడే!”

లిప్సా కిటికీ ఊచ పట్టుకుంది. “అయిపోనాది.”

“ఏటయిపోనాది? ఆళ్లూ కాదనే నొక్కేరు. అక్కడా కాలవ పనోల పిల్లలే కదేటి!”

“మరి ఆళ్లని ఊరకే వదిలేసేడా?”

“ఆ గదికీ తాళమేసేడు. అందరూ బస్సెక్కి ఇక్కడికే వత్తన్నారు.”