డారిన్ పేరుకు పలికేవారు

క్యాంపు ఆఖరి రోజు పొద్దున్న వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ, ఆర్డిస్ హాల్వర్సన్ ఒకే ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. డారిన్ పేరుకు నేను పలుకుతానని ఎవరో ఒకరు అనాలి. వారమంతా గడిచిపోయింది గాని ఎవరూ అనలేదు.

డారిన్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. మొన్న ఫిబ్రవరిలో డులూత్ నగరంలో ఒక అద్దె గదిలో పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. అది ఆగిన సంగతి ఇంటి యజమానికి తెలిసేసరికే రెండు మూడు రోజులైంది. ఆ రెండు మూడు రోజులూ తను ఏం చేస్తూ కూర్చుందో ఆర్డిస్‌కు ఎంత ఆలోచించినా గుర్తు రాదు. బహుశా బ్రెడ్డు చేసుకుని ఉంటుంది, టీవీలో వాతావరణం చూసి ఉంటుంది.

ఎల్క్ పాయింట్ చర్చి క్యాంపుకు ఒక పద్ధతి ఉంది. వేసవిలో పిల్లలు వచ్చినప్పుడు పొద్దున్నే జెండా దగ్గర గదుల వారీగా హాజరు పిలుస్తారు. కుటుంబాలన్నీ కలిసే వారంలో ఆఖరి సాయంత్రం, సరస్సు ఒడ్డున దుంగ బల్లల మీద అందరూ సర్దుకున్నాక, ఆ ఏడు పోయినవాళ్ల పేర్లను పాస్టరు అచ్చం అలాగే పిలుస్తుంది. పోయినవాడితో ఒకప్పుడు ఒకే గదిలో పడుకున్నవాడు లేచి, “ఇక్కడే ఉన్నాడు” అనాలి. ఇంటివాళ్లు పలకకూడదు. తల్లికి కొడుకెప్పుడూ కొడుకే, అందులో కొత్తగా చెప్పేదేముంది? క్యాంపుకు వాడింకా తనవాడేనా అన్నది క్యాంపువాళ్లు చెప్పాలి. పలకమని ఎవరినీ అడగనూ కూడదు. అడుక్కుని పలికించుకున్న మాట మాటే కాదని పాతకాలంవాళ్ల పట్టుదల. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, ఇక్కడ అమ్మ అడగడానికే వీల్లేదు.

“మా ఆయన పేరుకు ముగ్గురు తయారయ్యారే,” అంది లవోన్, దుంపలు కడుగుతూ. లవోన్ ఆర్డిస్‌కు చిన్ననాటి స్నేహితురాలు. ఆమె భర్త వెర్లిన్ కిందటి శరదృతువులో క్యాన్సర్‌తో పోయాడు. “బతికున్నన్నాళ్లూ ఆ గురక భరించలేక గది మార్చమని గోల పెట్టినవాళ్లే. ఇప్పుడు నేనంటే నేనని జుట్లు పట్టుకుంటున్నారు.”

“జుట్లెక్కడున్నాయే వాళ్లకి?” అంది ఆర్డిస్.

లవోన్ నీళ్లు చిందేలా నవ్వింది. నవ్వు ఆగాక గొంతు తగ్గించి, “మీవాడి పేరుకు పలికేది బ్రెంటే కదా?” అంది.

“నన్నడుగుతావేం? నీకేమన్నా చెప్పాడా?”

“చెప్పలేదనుకో. కానీ బ్రెంటేలే. ఇంకెవరుంటారు?”

“ఏమో. నీలు అయ్యుండొచ్చు.”

“ఆఁ, నీలన్నా అయ్యుంటాడు,” అని లవోన్ గబగబా కుండలో నీళ్లు మార్చే పనిలో పడింది. ఆ తొందర ఆర్డిస్‌కు నచ్చలేదు.

డారిన్, బ్రెంటు, నీలు మీసాలు రాకముందు నుంచీ ఒకే గదివాళ్లు. ముగ్గురిలో ఈతగాడు డారిన్. ఈ క్యాంపులో ఇవాళ పిల్లల్ని ఎత్తుకు తిరుగుతున్న సగంమందికి ఈత నేర్పింది వాడే. వాళ్ల గడ్డాల కింద చెయ్యి పెట్టి, “వదలన్లే, తన్ను, తన్ను” అంటూ అరిచేవాడు. ఆ తర్వాత తాగుడు పట్టుకుంది. ఒక వేసవి రాత్రి ప్రార్థనకు తూలుతూ వచ్చి, చలిమంట చుట్టూ పాడుతున్న పిల్లల మధ్య పడ్డాడు. ఒక చిన్నపిల్ల చెయ్యి కాలింది. పెద్ద గాయమేం కాదు గాని, పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. బాగయ్యాక రమ్మని వాడికి చెప్పారు. తిట్టలేదు, అరవలేదు. దారిలో తినమని డబ్బాలో కేకు కూడా పెట్టి పంపించారు. బాగయ్యావని ఎవరు చెప్తారో, మళ్లీ ఎప్పుడు రావాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వాడు రాలేదు. వాడి కోసం ఏటా అందరూ కలిసి ప్రార్థన చేశారు, అందులో లోటేమీ లేదు.

వాళ్లు ఇంకా వాడిని తలుచుకుని సిగ్గుపడుతున్నారా? అదే ఆర్డిస్ భయం. బతికుండగా వెళ్లగొట్టారు, సరే, వాడి తప్పూ ఉంది. చచ్చాక కూడా గడప బయటే నిలబెడితే ఆ తల్లి ఏ మొహం పెట్టుకుని ఆ బల్లల మధ్య నుంచి నడిచి వెళ్తుంది?

మధ్యాహ్నం ఆమె కప్పులో కాఫీ పోసుకుని రేవు దగ్గరికి వెళ్లింది. బ్రెంటు మోకాళ్ల మీద కూర్చుని, ఊడిన చెక్కకు మేకులు కొడుతున్నాడు. ఇప్పుడు అతనే క్యాంపు పెద్ద. జుట్టు నెరిసింది గాని, ఏదైనా దాచుకున్నప్పుడు కింది పెదవి కొరుక్కునే అలవాటు ఇంకా పోలేదు.

“చల్లారకముందే తాగు,” అంది ఆర్డిస్.

“మీకెందుకండీ శ్రమ?”

“శ్రమేముంది? నడవమన్నాడు డాక్టరు. నువ్వూ ఓ మైలు దూరాన కూర్చున్నావు.”

బ్రెంటు నవ్వి కప్పు అందుకున్నాడు. “ఈసారి దోమలు తక్కువేనండీ.”

“తక్కువా? నన్నెత్తుకుపోలేదంతే.”

“సాయంత్రం వాన పడుతుందంటారా?”

“గాలి అటునుంచి వీస్తోందిగా. పడదులే.”

“పడితే భోజనశాలలో పెట్టుకోవాలి.”

“అవును, పెట్టుకోవాలి.”

ఈ ప్రాంతంవాళ్లు గుండెల్లో ఎంత బరువుంటే వాన గురించి అంతసేపు మాట్లాడతారు. బ్రెంటు పెదవి కొరుక్కుంటూ కప్పులోకి చూశాడు. “ఆర్డిస్ గారూ, సాయంత్రం... మీరొస్తారు కదా?”

“రాకెక్కడికి పోతాను?”

“అదే. అదేలెండి.”

ఆమె ఇంకాసేపు నిలబడింది. అతను ఇంకో మేకు తీశాడు. కాలరు పట్టుకుని, “వాడి పేరుకు పలుకుతావా లేదా, ఆ ముక్క చెప్పరా!” అని కుదిపెయ్యాలనిపించింది ఆమెకు. ఖాళీ కప్పు తీసుకుని వెనక్కొచ్చేసింది.

వాన పడలేదు. ఉత్తరాది వేసవి గనక రాత్రి భోజనాలయ్యాక కూడా సూర్యుడు దేవదారు చెట్ల మీదే ఉన్నాడు. అందరూ స్వెట్టర్లు వేసుకుని దుంగ బల్లల మీద కూర్చున్నారు. పాస్టర్ మారిట్ రెండేళ్ల కిందట వచ్చిన మనిషి, డారిన్‌ను ఎరగదు. ఆమె నీళ్లకు వీపు పెట్టి నిలబడి, పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

వెర్లిన్ పేరు పిలవగానే ముగ్గురు బట్టతలలవాళ్లు ఒక్కసారే లేచారు. “ఇక్కడే ఉన్నాడు!” అని మూడు గొంతులూ కలిశాయి.

“గురక కూడా వినపడుతోంది,” అన్నారెవరో వెనకనుంచి.

ఘొల్లుమన్నారు అందరూ. లవోన్ నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆర్డిస్ చెయ్యి పట్టుకుంది.

“డారిన్ హాల్వర్సన్,” అని పిలిచింది పాస్టరు.

ఎవరూ పలకలేదు.

రేవుకు కట్టిన పడవ చెక్కకు కొట్టుకుంటోంది. ఎవరో దగ్గారు. ఆర్డిస్ ముందుకే చూస్తోంది గాని, చూడాల్సినవన్నీ ఓరకంట చూసింది. బ్రెంటు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తల నీలు వైపు తిప్పాడు. నీలు తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. పక్క వరసలో డారిన్ దగ్గర ఈత నేర్చుకున్న ఆడపిల్ల ఒకతి బ్రెంటు వైపు చూస్తోంది.

వినపడలేదేమో అనుకుని పాస్టరు ఇంకాస్త గట్టిగా పిలిచింది. “డారిన్ హాల్వర్సన్.”

లేవండిరా, అనుకుంది ఆర్డిస్. ఒక్కడన్నా లేవండిరా. మీ ఇళ్లల్లో శుభకార్యాలకు నేను కేకులు చేయలేదట్రా? మీ పిల్లలు నీళ్లంటే భయపడితే వాడు చెయ్యి వదిలాడట్రా?

ఎవరూ లేవలేదు. లవోన్ చెయ్యి విడిపించుకుని ఆర్డిసే లేచింది. క్యాంపు పుట్టాక ఇంటివాళ్లు లేవడం అదే మొదలు.

“ఇక్కడే ఉన్నాడు,” అంది. “వాళ్లమ్మ దగ్గరున్నాడు. ఇంకెవరికీ అక్కర్లేకపోయినా.”

ఏం చెయ్యాలో తెలియక పాస్టరు తరవాతి పేరు పిలిచింది. దానికి ఎవరో వెంటనే పలికారు.

ప్రార్థన అయ్యాక ఆర్డిస్ తిన్నగా గదికి పోయి పెట్టె సర్దుకుందామనుకుంది. లవోన్ రెక్క పట్టుకుని భోజనశాలలోకి లాక్కుపోయింది. “కాఫీ తాగి పో. ఖాళీ కడుపుతో కోపం మంచిది కాదే.”

అక్కడ మొదట నీలు వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. “ఆర్డిస్ గారూ, నేను బ్రెంటు లేస్తాడనుకున్నాను. ఒట్టు. వాడికంటే ముందు నేను లేస్తే ఏం బాగుంటుంది చెప్పండి? వాళ్లిద్దరిదీ ప్రాణస్నేహం కదా.”

ఈత నేర్చుకున్న పిల్ల వచ్చింది. గదివాళ్లుండగా తనెవరినని ఊరుకుందట. ఇంకొకాయన వచ్చాడు. ఆయన నీలు వంతనుకున్నాడట. ఒకరి తరవాత ఒకరు వస్తూనే ఉన్నారు, అందరూ చెప్పిందొకటే.

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అలాంటి మనుషులే వాళ్లు. కేకు పళ్లెంలో ఆఖరి ముక్క మిగిలితే సగం కోసుకుంటారు, తరవాతివాడు అందులో సగం కోస్తాడు, చివరికి వేలెడంత ముక్క ఎండిపోతుంది గాని తినేసిన మర్యాదలేనివాడని అనిపించుకోవడానికి ఒక్కడూ ఒప్పుకోడు. ముందుకు తోసుకుపోవడం ఒక్కటే వాళ్లెరిగిన పాపం. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు. ఇక్కడ ప్రేమే అలా పలచబడింది.

సిగ్గుపడి కాదు, మర్యాదకు ఆగారు. ఆ సంగతి తెలిశాక తన మనసు కుదుటపడాలని ఆర్డిస్ ఎదురుచూసింది. పడలేదు.

ఆఖర్న బ్రెంటు వచ్చాడు. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. “ఆ మంట గొడవయ్యాక వాడిని పంపించినవాళ్లలో నేనూ ఒకణ్ని కదండీ. నేను లేస్తే మీకు కష్టంగా ఉంటుందేమోనని... నీలు లేస్తాడనుకున్నాను.”

“చలికాలంలో వాడికి ఫోన్ చేశావా బ్రెంటూ?” అంది ఆర్డిస్.

బ్రెంటు నీలు వైపు చూశాడు. “నీలు మాట్లాడుతున్నాడనుకున్నాను.”

“నేనా?” అన్నాడు నీలు. “నువ్వే ఆదివారం ఆదివారం మాట్లాడుతున్నావని ఎవరో...”

“ఎవరు?”

నీలు నోరు తెరిచి, ఆర్డిస్‌ను చూసి మూసేశాడు.

“నేనే చెప్పాను,” అంది ఆర్డిస్. “బ్రెంటు మాట్లాడుతూ ఉంటాడని చర్చిలో అందరికీ నేనే చెప్పాను. ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారనుకున్నాను. తల్లి ఫోన్ చేస్తే సాధింపులా ఉంటుంది, స్నేహితులైతే నయమని...” ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. లవోన్ వెనక నిలబడి భుజాల మీద చేతులు వేసింది.

బ్రెంటు ఏడుస్తున్నాడు. అంత మనిషి అందరి ముందూ ఏడవడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఇంక ఎవరి మొహమూ చూడకుండా, ఎవరి వంతా అని ఆగకుండా, గది దద్దరిల్లేలా అన్నాడు.

“ఇక్కడే ఉన్నాడు! డారిన్ ఇక్కడే ఉన్నాడు!”

ఆర్డిస్ తలెత్తి అతని చెయ్యి పట్టుకుంది. పొద్దున్నించీ, వారంనుంచీ, ఫిబ్రవరి నుంచీ ఆమె వినాలనుకున్న మాట అదే.

“లేడు నాయనా,” అంది. “పిలిచుంటే వచ్చేవాడు. నువ్వైనా, నేనైనా.”