గంపకు అవతలి చెయ్యి

డాక్టరు బరువు తగ్గమన్నాడని మగ్దలేనమ్మ అన్నం మానేసి నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆ సంబరంలోనే, ఒకప్పుడు తనతో కూలికొచ్చి, ఇప్పుడు పక్షవాతంతో మంచాన పడ్డ వెంకాయమ్మను చూడటానికి ఆగిరిపల్లి వెళ్ళింది.

"వదినా, ఒక్కసారి నన్ను ఇంటెనక తోటలో కూచోబెట్టు," అని వెంకాయమ్మ అడిగింది. చంకల కింద చేతులేసి లేపబోతే ఆవిడ లేవలేదు సరికదా, ఇద్దరూ కలిసి మంచం మీదే కూలబడ్డారు. ఆవిడ కొడుకుదేమో మైలవరంలో పని. కోడలు పిట్టంత మనిషి. పరాయి మగాళ్ళు ఎత్తుతామంటే వెంకాయమ్మ చచ్చినా ఒప్పుకోదు. ఆ రోజు మగ్దలేనమ్మ ముఖం చెల్లక ఇంటికొచ్చింది.

"ఉత్తినే తిండి మానేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోద్ది పెద్దమ్మా. పప్పూ గుడ్లూ తిను, బరువులెత్తు," అన్నాడు చెల్లెలి కొడుకు చార్లెస్. నూజివీడులో అతనికో జిమ్ము ఉంది. మగ్దలేనమ్మ యాభై మూడేళ్ళ వయసులో కూతురి పంజాబీ డ్రస్సు తొడుక్కుని, సిగ్గుతో చచ్చిపోతూ, ఆడవాళ్ళ టైముకి వెళ్ళింది.

చార్లెస్ ఇనప రాడ్డు చూపించి ఎత్తమన్నాడు. ఆవిడ భుజం మీది తువ్వాలు తీసి, గుండ్రంగా చుట్టకుదురు చుట్టి, నెత్తిన పెట్టుకుని నిలబడింది.

"ఊఁ, అటు పట్టి ఎత్తించరా."

అక్కడున్న అమ్మాయిలు పొట్ట పట్టుకుని నవ్వారు.

"నెత్తి మీదికి కాదు పెద్దమ్మా! నేల మీంచి. నువ్వొక్కదానివే."

ముప్పై వేసవులు మామిడి గంపలు మోసిన మనిషికి ఇరవై కిలోల రాడ్డు ఒక లెక్కా అనుకుంది. తీరా అది మోకాళ్ళ దాకా వచ్చి అక్కడే మొరాయించింది. అప్పుడు గుర్తొచ్చింది. ఏ ఒక్క గంపనీ తాను ఒంటరిగా ఎత్తుకోలేదు. చిన్నరసాల కోతల్లో, కాయల తొడిమల జీడి కారి బుగ్గలు పొక్కిన ఆ ఎండల్లో, ప్రతి గంపకీ అవతలి అంచున వెంకాయమ్మ చెయ్యి ఉండేది. "ఊఁ, లేపు వదినా!" అని ఒక్క కేక. గంప ఎగిరి నెత్తిన కూచునేది. మధ్యాహ్నం రాలిన కాయ ఉప్పూ కారంతో చెరి సగం. తన బలమని ఇన్నాళ్ళూ మురిసిపోయినదాంట్లో సగం ఆవిడదే! మగ్దలేనమ్మకు ఆ రోజులు మళ్ళీ కావాలనిపించింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఒళ్ళు పులిసిపోయి మెట్లు దిగలేకపోయినా వెళ్ళింది. నడుం వంచకుండా మోకాళ్ళు వంచడం, రాడ్డుని కాళ్ళకి ఆనించి లేపడం నేర్చుకుంది. మూడు నెలలు గడిచేసరికి యాభై కిలోలు నేల మీంచి లేపింది. వెంకాయమ్మ యాభై అయిదు ఉంటుందని తన అంచనా. ఇంకొక్క వారం ఆగి, అది కూడా లేపాకే ఆగిరిపల్లి బస్సెక్కింది.

తోటలో కోతలు సాగుతున్నాయి. మగ్దలేనమ్మ మంచం పక్కన కాళ్ళు ఎడంగా పెట్టి, గుండె నిండా ఊపిరి పీల్చి, చార్లెస్ చెప్పినట్టే వెంకాయమ్మను పొదివి పట్టుకుని లేపింది.

చేతుల్లోకి ఏమీ రానట్టే వచ్చింది. ఈ మూడు నెలల్లో మనిషి అంతా కరిగిపోయి, దుప్పటి కింద ఎముకలే మిగిలాయి. అంత బలం ఇక్కడ అక్కర్లేకపోయింది. మగ్దలేనమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

"బరువున్నానా వదినా?" భుజం మీంచి నీరసంగా అడిగింది వెంకాయమ్మ.

"అమ్మో! ఏం బరువు, ఏం బరువు! నడుం పడిపోయేట్టుంది," అంది మగ్దలేనమ్మ, ఆయాసం నటిస్తూ.

వంకర పోయిన మూతితోనే వెంకాయమ్మ మురిసిపోయింది.