వదులు చేసిన కుట్లు

ఆ వీధిలో దర్జీ పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. ఎంత భారీ మనిషైనా అతను కుట్టిన చొక్కా తొడిగితే నాజూగ్గా కనిపించాల్సిందే. ఆ పనితనమే చివరికి అతని కొంప ముంచింది.

కూతురు పుట్టినప్పుడు పిట్టంత ఉందని పిట్ట అన్నారు, ఆ పిలుపే నిలిచిపోయింది. ఇప్పుడు పదేళ్ళది, బాగా ఒళ్ళు చేసింది. ఆ పేరు వింటే బళ్ళో పిల్లలు పడీపడీ నవ్వుతారు. రెండేళ్ళ కిందట ఒకరోజు గౌను చంక దగ్గర పిగిలిపోయి, ఏడుస్తూ ఇంటికొచ్చింది. నా కూతురు మళ్ళీ బట్టల కోసం ఏడవకూడదనుకున్నాడు దర్జీ. అప్పట్నుంచి నెలకోసారి, పిల్ల బడికెళ్ళగానే గౌన్లు తీసి, పక్క కుట్లు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డ రవ్వంత వదిలి, మళ్ళీ కుట్టి బీరువాలో పెట్టేసేవాడు. మడత గుడ్డ అయిపోతే అదే రంగు ముక్క అతికేవాడు. పెళ్ళాంతో కూడా అనలేదు. ఈ రెండేళ్ళలో పిట్టకు ఒక్క గౌనూ బిగుతు కాలేదు. ఊళ్ళోవాళ్ళ కొలతలన్నీ గడగడా చెప్పే మనిషి కన్నకూతురి నడుముకు ఒక్కసారీ టేపు పెట్టలేదు. ఏం ప్రేమండీ అది!

ఈలోగా పిల్ల మెడ చుట్టూ నల్లటి చార తేలింది. మురికి కాబోలనుకుని వాళ్ళమ్మ పీచు పెట్టి తోమింది. చర్మం కందింది గానీ నలుపు వదల్లేదు. అప్పుడు దర్జీ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ చార చూసిన వెంటనే పరీక్షలు రాసింది. మర్నాడు ఆ కాగితాలు చూసి కళ్ళజోడు తీసింది.

"ఇది మురికి కాదండీ. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదు. షుగర్ అంచుదాకా వచ్చేసింది, కాలేయానికి కొవ్వు పట్టింది. ఇలాగే వదిలేస్తే పిల్ల వయసుకు ముందే పెద్దమనిషైపోవచ్చు, ఎత్తు పెరగడమూ తొందరగా ఆగిపోవచ్చు. బట్టలు బిగుతవుతుంటే తెలీలేదా మీకు?"

దర్జీకి తల కొట్టేసినట్టయింది. "నేనే వదులు చేశానమ్మా," అన్నాడు.

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసి, తిండి ఎలా మార్చాలో రాసిచ్చి, మూడు నెలల తర్వాత రమ్మంది.

ఆ మూడు నెలలూ ఇంటి గడపలోకి తీపి రాలేదు. తండ్రీకూతుళ్ళు రోజూ పొద్దున్నే గంటసేపు నడిచారు. పిట్ట బడినుంచి రాగానే కుట్టుమిషను పక్కనే, అతని కళ్ళముందే కూర్చునేది.

"ఆకలేస్తోంది నాన్నా."

"ఇంకొక్క గంట ఓర్చుకో తల్లీ."

ఆ గంటలో అతనికి కుట్టు ఒక్కటీ తిన్నగా పడేది కాదు. స్నేహితురాలు పుట్టినరోజుకు పంచిన చాక్లెట్టు కూడా పిల్ల తెచ్చి అతని చేతిలోనే పెట్టింది. అది చూసి అతనికి గర్వం కలగాలి గానీ, ఏడుపొచ్చింది.

మూడు నెలల తర్వాత పరీక్షల్లో షుగర్ తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది.

"చెప్పినట్టు చేస్తే ఇలా రాదే," అంది డాక్టరమ్మ. "ఇంట్లో ఎవరో గారాబం చేస్తున్నారు. మీరే కదూ?"

"లేదమ్మా, ఒట్టు," అన్నాడు దర్జీ.

"మొదటిసారీ మీరే దాచారు. ఇప్పుడూ దాస్తే నష్టపోయేది పిల్లే."

పిట్ట కుర్చీలోంచి లేచింది. "నాన్ననేం అనకండి డాక్టర్. నేనే బళ్ళో దొంగతనంగా తింటున్నా."

డాక్టరమ్మ నిట్టూర్చి, ఆ మాట ఫైల్లో రాసుకుంది. అది పచ్చి అబద్ధమని దర్జీకి తెలుసు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. మరైతే ఎందుకు పెరిగిందంటే ఏం చెప్పాలి? ఆకలిని అంతగా ఓర్చుకున్న పిల్ల ఒంట్లో ఏం జరుగుతోందో అతనికేం తెలుసు? పిట్ట అతని చేయి పట్టుకుని, "ఊరుకో నాన్నా," అని గొణిగింది.

అతను ఊరుకున్నాడు.